నొప్పి తగ్గిన గుర్రానికి ఆ ఇంజెక్షన్ ఎందుకిచ్చారు?

ప్రశ్న: నేను బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది పాడి ఉన్న ఇల్లు, గేదెలూ ఆవులూ చిన్నప్పటి నుంచి అలవాటే. గుర్రాన్ని మాత్రం దగ్గర నుంచి చూసింది లేదు. అందుకే సెలవుల్లో, గుర్రాలు కూడా వచ్చే ఒక పశువైద్యశాలలో అబ్జర్వేషన్‌కి చేరాను. దేన్నీ ముట్టుకోనివ్వరు, పక్కన నిలబడి చూడమంటారు. మొదట్లోనే ఒక గుర్రం వెనక నుంచి వెళ్లబోతే డాక్టరు గారు అందరి ముందూ గట్టిగా అరిచారు. పోయిన వారం బారాత్‌లకు తిప్పే తెల్లటి ఆడగుర్రాన్ని కడుపునొప్పితో తెచ్చారు. కింద పడి దొర్లుతోంది. ముక్కులోంచి పైపు వేస్తుంటే రక్తం కారింది. ఇంకాసేపటికి దొర్లడం మానేసి, లేచి నిమ్మళంగా నిలబడింది. హమ్మయ్య అనుకున్నాను. సరిగ్గా అప్పుడే డాక్టరు గారు యజమానిని పక్కకు పిలిచి ఏదో మాట్లాడారు. తర్వాత ఇంజెక్షన్ ఇచ్చి చంపేశారు. నేను అక్కడే ఏడ్చేశాను, ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నొప్పి తగ్గిన గుర్రాన్ని ఎందుకు చంపాలి? అడిగే ధైర్యం రాలేదు. ఫ్రెండ్స్ ఏమో గుర్రాలెక్కడున్నాయి, కుక్కల క్లినిక్ పెట్టుకో అంటున్నారు. నాన్న గవర్నమెంటు ఉద్యోగం అంటున్నారు. మిగతా రోజులు వెళ్లాలా, మానేయాలా?

– ఒక విద్యార్థిని

సమాధానం: నీ ఉత్తరంలో నాలుగైదు ప్రశ్నలున్నాయి గానీ, నిన్ను నిద్రపోనివ్వనిది ఒక్కటే అని తెలుస్తోంది. ముందు దాని సంగతే చూద్దాం. వెళ్లాలా మానాలా అన్నది తర్వాత.

ఆ గుర్రానికి తగ్గలేదమ్మా. చాలావరకు దాని జీర్ణాశయం లోపల పగిలిపోయి ఉంటుంది. ఆ కేసు నేను చూడలేదు కాబట్టి తేల్చి చెప్పకూడదు. కానీ నువ్వు రాసిన వరస గుర్రాలు చూసే డాక్టర్లకు బాగా తెలిసినదే: ఆగకుండా దొర్లడం, ఉన్నట్టుండి నిమ్మళించడం, వెంటనే డాక్టరు యజమానిని పక్కకు పిలవడం.

గుర్రం ఒళ్లు ఎంత పెద్దదైనా దాని జీర్ణాశయం చిన్నది. 8 నుంచి 15 లీటర్లు పడుతుంది, అంతే. మీ ఇంటి గేదె కడుపు ముందు అది ఏ మూలకూ రాదు. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. అన్నవాహిక జీర్ణాశయంలోకి దిగేచోట కండరం చాలా గట్టిది, దిగే కోణం కూడా అలాంటిదే. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ ద్వారం ఇంకా బిగుసుకుంటుంది తప్ప తెరుచుకోదు. చిన్నపేగు ఎక్కడైనా మెలిపడితే లాలాజలం, జీర్ణరసాలు, తాగిన నీళ్లు కిందికి పోలేక వెనక్కి తన్ని జీర్ణాశయంలో చేరతాయి. దానా ఎక్కువ తిని అది లోపల పులిసి ఉబ్బినా ఇదే కథ. చివరికి గోడ చిరుగుతుంది.

అప్పటిదాకా గుర్రాన్ని నేల మీద పడేసి దొర్లించిన నొప్పి ఆ గోడ సాగడం వల్ల వచ్చింది. గోడ చిరగ్గానే బిగువు పోతుంది. గుర్రం లేచి తల వంచుకుని నిలబడుతుంది. చూసేవాళ్లకు తగ్గినట్టే ఉంటుంది. యజమాని కళ్లలో ఆశ కనిపిస్తుంది, నీలాగే.

ఆ నిమిషంలో మీ డాక్టరు ఏం చూసి ఉంటారో చెప్తాను. పెదవి పైకెత్తి చిగుళ్లు చూసి ఉంటారు. బాగున్న గుర్రం చిగురు లేత గులాబీ రంగులో, తడిగా ఉంటుంది. బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్ల లోపు మళ్లీ రంగు తేలుతుంది. ఈ గుర్రానికి అది ఊదారంగుకో, మురికి ఎరుపుకో తిరిగి, నొక్కినచోట రంగు రావడానికి నాలుగైదు సెకన్లు పట్టి ఉంటుంది. చెవుల కొసలు చల్లగా, ఒళ్లు అక్కడక్కడా చెమటతో తడిసి, కండరాలు సన్నగా వణుకుతూ ఉండాలి. మామూలుగా నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాల్సిన గుండె 100 దగ్గరకో, ఆపైకో పోయి ఉంటుంది. నాడి వేలికి సరిగ్గా అందదు. పొట్ట మీద స్టెత్ పెడితే ఏ చప్పుడూ ఉండదు. పొట్ట కింద సూది గుచ్చి నీరు తీశారా? గమనించావా? మామూలుగా ఆ నీరు లేత పసుపు రంగులో, అవతల అక్షరాలు కనిపించేంత తేటగా వస్తుంది. జీర్ణాశయం పగిలితే పచ్చటి బురదనీరులా, గడ్డి తునకలతో వస్తుంది. అది కనిపించాక ఇక అనుమానం ఉండదు.

అక్కడి నుంచి వైద్యం లేదు. గుర్రాన్ని మత్తులో పడుకోబెట్టి పొట్ట కోసే ఆపరేషన్ థియేటర్లు మన దేశంలో కొద్దిచోట్లే ఉన్నాయన్నది నిజమే గానీ, అలాంటి చోట ఉన్నా ఫలితం ఇదే. తిన్నదంతా పొట్ట లోపలి పొర మీద పరుచుకుని, కొద్ది గంటల్లో గుర్రం షాక్‌లోకి వెళ్లి చచ్చిపోతుంది. ఆ కొద్ది గంటలు దానికి లేకుండా చేశారు మీ డాక్టరు.

నువ్వూ ఆయనా ఒకే గుర్రాన్ని దాదాపు ఒకే దూరం నుంచి చూశారు. అది లేచి నిలబడటం నీకు కనిపించింది, ఆయనకు చిగుళ్లు కనిపించాయి. నిన్ను ముట్టుకోవద్దన్నారని బాధపడుతున్నావు కదా, చూడటం అనే పని ఇంకా నీ చేతికి రాలేదు. అది రావడానికే ఈ రోజులు.

కాబట్టి ఆయన్ని అడుగు. ఓపీ హడావిడిలో కాదు, టీ తాగే వేళ చూసి, "సార్, ఆ బారాత్ గుర్రం కేస్ షీట్ ఒకసారి చూడొచ్చా?" అని మాత్రం అను. ఎందుకు చంపారని అడిగితే ఎవరైనా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. కేస్ షీట్ అడిగితే పాఠం చెప్తారు. కోలిక్ (గుర్రాల కడుపునొప్పి) కేసుల్లో గుండె వేగం ఏ వేళకు ఎంత ఉందో వరసగా రాస్తారు. మందులిచ్చినా ఆ అంకెలు ఎలా ఎక్కుతూ పోయాయో చూసుకో.

ఇక పైపు, రక్తం. వాంతి చేసుకోలేని జంతువుకు మనం చేయగలిగిన వాంతి ఆ పైపే. ముక్కు రంధ్రంలో కింది దారి గుండా మెల్లగా తోసుకుంటూ, గొంతు దగ్గర గుర్రం గుటక వేసే క్షణం కోసం ఆగి, అప్పుడు అన్నవాహికలోకి దించాలి. ఎడమవైపు మెడ మీద చర్మం కింద ఆ పైపు దిగుతుండటం కంటికి కనిపిస్తుంది. ఈసారి డాక్టరు చేతులు చూడకు, మెడ చూడు. పొరపాటున గాలిగొట్టంలోకి వెళ్లి, అందులో మందు పోస్తే గుర్రం ఊపిరితిత్తులు పాడైనట్టే. అందుకే పైపు అవతలి కొసను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు, నోటితో ఊది చూస్తారు. రెండు లీటర్లకు మించి ద్రవం దానంతట అది వెనక్కి వచ్చిందంటే చిన్నపేగు వైపు ఏదో అడ్డం ఉందని అనుమానించాలి. రక్తమంటావా, ముక్కు లోపల పైభాగంలో పల్చటి ఎముక చుట్టల మీద ఉండేదంతా రక్తనాళాలే. గుర్రం తల విదిల్చినప్పుడు పైపు కాస్త పైకి తగిలితే చాలు, బొటబొటా కారుతుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ చాలాసార్లు దానంతట అదే ఆగిపోతుంది. అనుభవం ఉన్నవాళ్ల చేతిలోనూ జరుగుతుంది. డాక్టరు తడబడ్డారని అనుకోకు.

ఆ యజమాని గురించి నువ్వు ఒక్క ముక్కే రాశావు. బారాత్ గుర్రాల బతుకు కొంచెం తెలుసుకో, కోలిక్ ఎందుకొస్తుందో పుస్తకం కంటే బాగా అర్థమవుతుంది. గుర్రం పుట్టుక రోజంతా కొద్దికొద్దిగా గడ్డి మేస్తూ తిరగడానికి. ముహూర్తాల రోజుల్లో సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా జీను, తళుకుల బట్టలు, బ్యాండు, టపాసుల మధ్య నిలబడాలి. గడ్డి ఉండదు. నీళ్లు ఎవరో గుర్తుపెట్టుకుని ఇస్తేనే. పెళ్లివారు ముద్దుగా లడ్డూలు, పూరీలు పెడతారు. ఇంటికొచ్చాక ఆకలితో ఉందని యజమాని ఒకేసారి బక్కెట్టెడు దానా, నానబెట్టిన శనగలు వేస్తాడు. ఇందులో దేనికదే ప్రేమగా చేసినదే. మర్నాడు గుర్రం కాలితో నేల గీరుతుంది, డొక్క వైపు తిరిగి తిరిగి చూసుకుంటుంది, పెదవి పైకి మడుస్తుంది. అప్పుడు తెలిసినవాళ్లెవరో నొప్పి ఇంజెక్షన్ వేస్తారు. ఫ్లూనిక్సిన్ లాంటి మందు నొప్పిని బాగా అణుస్తుంది, పేగులోని మెలిని మాత్రం విప్పలేదు. తగ్గిందనుకుని ఇంట్లోనే ఉంచేస్తారు. ఆస్పత్రికి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

ఇలాంటి మనిషిని, తెల్లారితే అడ్వాన్సు తీసుకున్న పెళ్లి ఉన్నవాణ్ణి, "ఇంత దానా ఎందుకేశావయ్యా" అని ఆ వేళప్పుడు అనకూడదు. చివరిసారి లద్దె ఎప్పుడు వేసింది, నీళ్లెప్పుడు తాగింది, ఏ ఇంజెక్షన్ ఎన్ని గంటలకు వేయించారు, సీసాతో నోట్లో ఏమైనా పోశారా? ఈ నాలుగూ అడగాలి, గొంతులో తప్పు పట్టే ధ్వని లేకుండా. మీ డాక్టరు ఎలా అడుగుతారో విను. ఆయన ఎలాంటి వైద్యుడో అక్కడే తెలిసిపోతుంది.

ఏడ్చినందుకు సిగ్గెందుకు? గుర్రాల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు కూడా ఏడుస్తారు, కాకపోతే షెడ్డు వెనక్కి వెళ్లి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. ఆ ఇంజెక్షన్ ఇచ్చాక నాలుగైదు క్వింటాళ్ల బరువు ఉన్నపళంగా కూలుతుంది, ఎటు కూలుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. నిలబడమన్న చోట నిలబడి, కళ్లు తుడుచుకుని చూస్తూ ఉండాలి.

అరిచారన్న దగ్గరికొద్దాం. తప్పు నీది కాదు, నీ అలవాటుది. గేదెల మధ్య పెరిగినవాళ్లం వెనక నుంచి వెళ్లి నడుం మీద ఒక చరుపు చరిచి పక్కకు జరిపేస్తాం. అది తన్నినా కాలు పక్కకు విసురుతుంది. గుర్రం తన్నేది తిన్నగా వెనక్కి, అవసరమైతే రెండు కాళ్లతో కలిపి. తన తోక వెనక నేరుగా ఏముందో దానికి కనపడదు. నుదుటికి ఎదురుగా మరీ దగ్గరున్నదీ కనపడదు. అందుకే ఎడమ భుజం వైపు నుంచి, పలకరిస్తూ వెళ్లాలి. వెనక నుంచి దాటక తప్పకపోతే చెయ్యి దాని పిరుదు మీద ఆనించి, ఒంటికి ఒళ్లు తగిలేంత దగ్గరగా దాటు, అప్పుడు తన్నినా కాలు ఊపందుకోదు. లేదా కాలు అందనంత దూరం నుంచి చుట్టి వెళ్లు. ఈ రెండింటి మధ్య దూరమే ప్రమాదం, నువ్వు బహుశా సరిగ్గా అక్కడే ఉన్నావు. పగ్గం ఎప్పుడూ చేతికి చుట్టుకోకు. డాక్టరు గుర్రానికి ఏ పక్కన ఉంటే నువ్వూ ఆ పక్కనే ఉండు, అది అటు గెంతినా ఇద్దరి మీదా పడదు. మత్తిచ్చిన గుర్రం తల వేలాడేసినా తన్నగలదు. మత్తు మాట వచ్చింది కాబట్టి పరీక్షకు పనికొచ్చే ముక్క ఒకటి: జైలజీన్ అనే మత్తుమందు గుర్రానికిచ్చే మోతాదులో పదోవంతు ఆవుకు చాలు. మీ ఊళ్లో ఈ లెక్క తారుమారు చేస్తే ఆవు పడిపోతుంది.

అరుపు విషయంలో నేను డాక్టరు పక్షమే. డెక్క దెబ్బ పడ్డాక మర్యాదగా చెప్పి ప్రయోజనం లేదు.

మిగతా రోజుల్లో డాక్టరు వెంట ఎంత ఉంటావో సాయిస్ (గుర్రాన్ని సాకే మనిషి) వెంట అంతకంటే ఎక్కువ ఉండు. ఇది ఎవరూ నీకు చెప్పరు. డాక్టరు గుర్రాన్ని జబ్బు చేసినప్పుడు చూస్తారు. సాయిస్ రోజూ చూస్తాడు. పొద్దున తబేలాలోకి అడుగుపెడుతూనే గుర్రం కంటే ముందు నేల చూస్తాడు, రాత్రి ఎన్నిసార్లు లద్దె వేసిందోనని. బాగున్న గుర్రం రోజుకు ఇంచుమించు 8 నుంచి 12 సార్లు వేస్తుంది. ఉండలు గట్టిపడి, చిన్నవై, పైన జిగట పొర ఉంటే పేగు కదలిక తగ్గినట్టు. తర్వాత బక్కెట్లో నీళ్లెంత మిగిలాయో చూస్తాడు. ఆ తర్వాత గుర్రం ఎలా నిలబడిందో. వెనక కాలు ఒకటి వదులుగా వాల్చి నిలబడితే అది విశ్రాంతి. ముందు కాలు చాపి, దాని మీద బరువు మోపకుండా ఉంటే ఎక్కడో నొప్పి. ముందు కాళ్లు రెండూ చాపి, బరువంతా వెనక్కి వేసుకుని నిలబడిందంటే పరుగెత్తుకెళ్లి డాక్టర్ని పిలవాలి, అది లామినైటిస్ అనే డెక్క లోపలి వాపు జబ్బు కావచ్చు. అప్పుడు డెక్క మీద అరచెయ్యి ఆనించి చూడమను, వేడి తెలుస్తుంది. డెక్క పైన సన్నటి భాగంలో రెండు పక్కలా నాడి టకటకా కొడుతుంటుంది. మామూలుప్పుడు ఆ నాడి దొరకడమే కష్టం.

నాల్‌బంద్ (డెక్కలకు నాడాలు కొట్టేవాడు) వచ్చే రోజు మానకు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి నాడాలు మారుస్తారు. పాత నాడా పీకి డెక్క అడుగు చెక్కేటప్పుడు లోపలి సంగతులన్నీ బయటపడతాయి. నల్లటి కుళ్లు, చెడు వాసన ఉందా, మేకు పక్కకు దిగిందా, ఒకవైపే అరిగిందా? అడుగులో మేకు గుచ్చుకున్న గుర్రానికి ధనుర్వాతం టీకా పడిందో లేదో వెంటనే అడగాలి, ఆ జబ్బుకు గుర్రమంత సున్నితమైన జంతువు మరొకటి లేదు.

ముట్టుకునే అవకాశం కావాలంటే పెద్దవి అడగకు. శాంతంగా ఉండే ముసలి గుర్రం ఒకటి ఎక్కడైనా ఉంటుంది. దాని నాడి చూడనివ్వమని అడుగు. కింది దవడ అంచు మీద, పెద్ద దవడ కండరానికి కాస్త ముందు, సన్నటి తాడులాంటి రక్తనాళం వేలికి దొరుకుతుంది. దొరకడానికే మొదట్లో సమయం పడుతుంది. అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చెయ్యి. పావు నిమిషంతో సరిపెట్టకు, అంత నెమ్మదిగా కొట్టుకునే గుండెకు ఒక్క దెబ్బ తప్పినా లెక్క నాలుగు మారుతుంది. ఊపిరి మాత్రం దూరం నుంచే, డొక్క కదలిక చూసి, నువ్వొచ్చావని అది గమనించకముందే లెక్కపెట్టాలి. 8 నుంచి 16 ఉండాలి. బాగున్న గుర్రాలవి ఇలా పదే పదే చూస్తే, బాగాలేనిది వచ్చినప్పుడు నీ వేలికే తేడా తెలుస్తుంది.

ఉద్యోగం సంగతి. మీ ఫ్రెండ్స్ చెప్పింది పూర్తిగా తప్పు కాదు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలే తేలాయి. 2012 లెక్కతో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. మన రెండు రాష్ట్రాల్లో గుర్రాల వైద్యం ఒక్కటే చేసి బతికేవాళ్లు తక్కువ. అయితే ఉన్నచోట్లు గట్టివి. హైదరాబాద్ మలక్‌పేటలో రేస్ కోర్సు ఉంది. బెంగళూరు, ముంబై, పుణేల్లో ఉన్నాయి. వాటికి గుర్రాలనిచ్చే స్టడ్ ఫారాలున్నాయి. సైన్యంలో జంతువుల్ని చూసే రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ ఉంది. హర్యానాలోని హిసార్‌లో గుర్రాల మీదే పరిశోధన చేసే జాతీయ కేంద్రం ఉంది. పాము కాటుకు వేసే విరుగుడు మందు మన దేశంలో గుర్రాల రక్తం నుంచే తయారవుతుంది. ఆ గుర్రాల ఆరోగ్యం చూసేదీ వెటర్నరీ డాక్టర్లే. మీ నాన్నగారు చెప్పే ప్రభుత్వ ఉద్యోగానికీ దీనికీ గొడవ లేదు. వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా నీకు పడే పోస్టింగు పక్కనే ఒక బారాత్ గుర్రమో, బీచ్‌లో పిల్లల్ని తిప్పే గుర్రమో ఉంటే, ఆ యజమాని వచ్చేది నీ దగ్గరికే. అక్కడ దాన్ని ఎలా పట్టుకోవాలో తెలిసినవాళ్లు నువ్వు తప్ప ఎవరూ ఉండకపోవచ్చు. ఇప్పుడే తేల్చుకోవద్దు. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంది కదా, అప్పుడు గుర్రాలుండే చోటు ఒకటి అడిగి వేయించుకో, ఆ తర్వాత ఆలోచించు.

కాబట్టి వెళ్లు. వెళ్లేముందు రెండు జాగ్రత్తలు. ముక్కులోంచి తేనెలా చిక్కటి చీమిడి కారుతూ, ఒంటి మీద వరసగా పుళ్లున్న గుర్రం కనిపిస్తే గ్లౌజులు, మాస్కు లేకుండా దగ్గరికి పోకు. అది గ్లాండర్స్ కావచ్చు. మనిషికి అంటుకుంటుంది, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. రెండోది రేబిస్. పిచ్చికుక్క కరిచిన గుర్రం మొదట్లో అచ్చం కోలిక్ కేసులాగే రావచ్చు, లేదా గొంతులో ఏదో అడ్డం పడిందని తేవచ్చు. ఏముందోనని నోట్లో చెయ్యి పెట్టేది మనమే. ముందుగా వేసుకునే రేబిస్ టీకా నీకు పడిందో లేదో రాయలేదు. పడకపోతే ఈ వారమే వేయించుకో, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నావో కూడా ఇంట్లో అడిగి చూసుకో.